దేవ్‌మాలి చలికి వ్యాన్‌లో కుంపటా?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే మేస్త్రీని. మా నాన్నగారిది సాలూరు. లారీతో ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ పత్రిక మాకు పొద్దున బస్సులో వస్తుంది. అది చదివాకే షెడ్డు తాళం తీస్తాను.

కిందటి ఆదివారం అనుబంధంలో మా దేవ్‌మాలి శిఖరం గురించి మీరు వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. మా కొండల గురించి తెలుగులో అంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. కానీ చివర్లో, వ్యాన్‌లో పడుకునేవాళ్లకు చెప్పిన జాగ్రత్తల దగ్గర, చలి ఎక్కువైతే చిన్న బొగ్గుల కుంపటి గానీ డీజిల్ హీటర్ గానీ వెంట ఉంచుకోమని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆ ముక్క చదివాక నా మనసు మనసులో లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. పొడవైతే క్షమించండి. దయచేసి మధ్యలో కోయకండి.

కిందటేడు డిసెంబరులో ఒక రోజు పొద్దున్నే, ఇంకా మంచు విడవకముందే, ఒక పాత మెటాడోర్ వ్యాన్ నా షెడ్డు ముందు ఆగింది. ఈ రోజుల్లో మెటాడోర్ కనబడటమే అరుదు. ఒకప్పుడు ఈ రోడ్డు మీద పెళ్లివాళ్లనీ, సంత సరుకునీ, స్కూలు పిల్లల్నీ మోసింది ఆ బండే. వీళ్లది లేత ఆకుపచ్చ రంగు, లోపల చెక్క మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, కిటికీలకి పూల పరదాలు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన తన చేతులతోనే ఇల్లులా చేసుకున్నారు. ఆయన భార్య ముందు సీట్లో శాలువా కప్పుకుని, తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నారు.

"మేస్త్రీ, రాత్రి హీటర్ మొరాయించింది. ఈవిడకి తలనొప్పి, మూడుసార్లు వాంతి అయింది. ఘాట్ తిరుగుడు పడలేదేమో" అన్నారాయన.

ఘాట్ తిరుగుడైతే ఘాట్ దిగాకో ఎక్కాకో ఒక గంటలో పోతుంది. వీళ్లు ముందురోజు మధ్యాహ్నమే పైకి వెళ్లి, రాత్రంతా బండి ఆపుకుని పడుకున్నారు. నాకు అనుమానం వచ్చింది. "అమ్మా, ఇంకా ఎవరికైనా తలనొప్పి వచ్చిందా?" అని అడిగితే ఆవిడ కళ్లు తెరిచి, "ఆయనకీ వచ్చింది బాబూ, చెప్పరు" అన్నారు. అప్పుడు వ్యాన్ తలుపు పూర్తిగా తీసి చూశాను. మంచం కింద ఇనప కుంపటి ఉంది. బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.

జరిగింది ఇది. రాత్రి పదకొండుకి హీటర్ ఆన్ చేశారు. ఫ్యాన్ తిరిగింది, కింద నుంచి తెల్లటి పొగ వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే. ఒంటిగంట దాకా అలా పది పన్నెండుసార్లు నొక్కారట. ఇక లాభం లేదని, టీకొట్టు దగ్గర కొనుక్కున్న బొగ్గులు కుంపటిలో వేసి, ఎర్రగా అయ్యాక లోపల పెట్టుకుని, కిటికీ రెండు వేళ్ల సందు వదిలి పడుకున్నారు. ఆవిడకి వాంతి వచ్చి తలుపు తీయబట్టి చల్లగాలి లోపలికి కొట్టింది. ఆ వాంతే ఇద్దర్నీ కాపాడింది. నేను ఆ మాట అనగానే పెద్దాయన కిందకి దిగి నా బల్ల మీద కూర్చుండిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు. ముందు హీటర్ సంగతి పక్కన పెట్టి ఇద్దర్నీ ఆసుపత్రికి పంపాను. ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా ఉంచి పంపారు.

ఎర్రగా కణకణలాడే బొగ్గులు పొగ లేకుండా ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదని అందరూ అనుకుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. బొగ్గు అలా నిదానంగా కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికంటే ఈ గ్యాస్‌ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మగత. మగత వచ్చినవాడు చలికి హాయిగా నిద్ర పట్టిందనే అనుకుంటాడు. కిటికీ రెండు వేళ్లు తెరిచినంత మాత్రాన అది బయటకి పోతుందని నమ్మకం లేదు. మా పల్లెల్లో కూడా కుంపటి అరుగు మీద పెట్టుకుంటారు గానీ తలుపేసుకుని పక్కలో పెట్టుకోరు.

ఇక హీటర్. వాళ్లు ఆసుపత్రిలో ఉండగా నేను వ్యాన్ కింద దూరాను. ఇది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న 12 వోల్టుల డీజిల్ హీటర్. ఎవరి తయారీ అన్నది ఇక్కడ అనవసరం. ఈ రకం హీటర్లు ఇంజన్ ఆపేసినా పనిచేస్తాయి. చలిదేశాల్లో లారీ డ్రైవర్లు రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచకుండా క్యాబిన్‌లో పడుకోవడానికి పెట్టుకుంటారు. జర్మనీలో ఎబర్‌స్పాషర్, వెబాస్టో అనేవి ఈ పనిలో పాత పేర్లు. అక్కడి పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకి ఇంజన్ గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ నీళ్లు ఉండవు. సైలెన్సర్ వైపు వేడిని, పొగ గొట్టం చుట్టూ ఉండే రేకు డొప్పల్లోంచి లోపలికి తెచ్చుకోవాలి, అదీ ఇంజన్ నడిచేటప్పుడే. అందుకే వాటికి విడిగా పెట్రోల్ హీటర్ పెట్టించుకునేవారు. ఆ డొప్పలు తుప్పు పట్టి చిల్లు పడితే సైలెన్సర్ పొగ నేరుగా లోపలికి వస్తుంది. పాత బండి ఏదైనా ఈ భయం ఒకటే.

హీటర్ లోపల రెండు గాలులు ఉంటాయి. ఇది అర్థమైతే సగం పని అయినట్టే. ఒక గాలి బయట నుంచి వచ్చి, డీజిల్‌తో కలిసి మండి, పొగ గొట్టం గుండా బయటకే పోవాలి. రెండోది వ్యాన్ లోపలి గాలి. అది మంట ఉన్న అల్యూమినియం దిమ్మ చుట్టూ తిరిగి వేడెక్కి లోపలికే రావాలి. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. నేను డీజిల్ పంపు మేస్త్రీని కదా, డీజిల్‌ని ఒత్తిడితో చిమ్మే నాజిల్ ఉంటుందనుకున్నాను. లేదు. చిన్న ఎలక్ట్రిక్ పంపు టక్ టక్ మంటూ కొలిచినట్టు చుక్కలు పంపుతుంది. కరెంటుతో ఎర్రగా కాలి మంట అంటించే గ్లో ప్లగ్గు చుట్టూ ఉన్న సన్నటి ఉక్కు జాలీ మీద ఆ చుక్కలు పడి ఆవిరై మండుతాయి. లారీ పంపులో వందల బార్ల ఒత్తిడి చూసే నాకు ఆ నెమ్మది చూస్తే ముచ్చటేసింది.

స్టార్ట్ నొక్కి మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు ఉంది. హీటర్‌కి వైరు తగిలించే చోట 10.4. గ్లో ప్లగ్గు ఎర్రబడే ఆ రెండు మూడు నిమిషాలు దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. పెద్దాయన ట్యూబ్‌లైట్‌కి వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నాలుగు మీటర్లు వేశారు. పోనూ రానూ ఎనిమిది మీటర్లు. ఆ వైరులోనే ఇంచుమించు ఒక వోల్టు పోతుంది. మిగతాది పచ్చగా చిలుము పట్టిన ఫ్యూజ్ హోల్డర్ మింగేసింది. హీటర్ ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే మీటరు 12.5 చూపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. లోడు మీద, అంటే హీటర్ కరెంటు లాగుతుండగా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, ఫ్యూజ్ హోల్డర్ మార్చాను. 11.7 వచ్చింది.

తర్వాత డీజిల్. పంపు నుంచి వచ్చే గొట్టం విప్పి గాజు సీసాలో పెట్టి స్టార్ట్ ఇచ్చాను. చుక్కల మధ్య బుడగలు. పంపుని పడుకోబెట్టి బిగించారు. అది బయటకి పంపే వైపు పైకి లేచేలా ఏటవాలుగా ఉండాలి, అప్పుడే గాలి బుడగ ముందుకి పోతుంది. వంచి బిగించి, వదులుగా ఉన్న క్లిప్పులు మార్చాను. బుడగలు పోయాయి. ఇక్కడ కొందరు డ్రైవర్లు చలికి డీజిల్లో కిరోసిన్ కలపమంటారు. మైనస్ డిగ్రీల దేశాల్లో డీజిల్ గడ్డకట్టే గొడవ నిజమే గానీ, మా దగ్గర చలికి అది అక్కర్లేదు. కలపకండి.

ఇంతవరకు బాగుచేసినా తెల్లపొగ తగ్గలేదు. తెల్లపొగ అంటే డీజిల్ మండకుండా ఆవిరిగా వచ్చేస్తోందని. నల్లపొగ అయితే గాలి తక్కువై డీజిల్ ఎక్కువైందని. ఈ హీటర్ పొగ గొట్టం లోపల నల్లగా ఉంది, బయటకొచ్చే పొగ తెల్లగా ఉంది. అంటే ముందెప్పుడో గాలి తక్కువై మసి పట్టింది, ఇప్పుడు ఆ మసి వల్ల అంటుకోవట్లేదు. మరి గాలి ఎందుకు తక్కువైంది?

అప్పుడు గాలి పీల్చే గొట్టం విప్పాను. వేలు పెడితే రెండు అంగుళాల లోపల గట్టిగా తగిలింది. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తవ్వితే ఎర్రమట్టి పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. మట్టిగూడు కట్టే కందిరీగ. వానాకాలమంతా మామిడి చెట్టు కింద ఆగి ఉన్న బండిలో ఆ గొట్టం దానికి సొంత ఇల్లయిపోయింది. పెళ్ల విరగ్గొడితే లోపల అరలు, అరల్లో ఎండిపోయిన సాలీళ్లు, చిన్న చిన్నవి, తొమ్మిదో పదో. పిల్లలకి తిండిగా దాచింది. వేళ్లతో తీసి కాగితం మీద పెట్టుకున్నాను, పెద్దాయనకి చూపించడానికి. గొట్టంలో మిగిలిన దారి బఠాణీ గింజంత కూడా లేదు. ఆ సందులోంచి పీల్చిన గాలితో ఆ మంట ఎన్నాళ్లు బతుకుతుంది?

హీటర్ దింపి, మంట మండే గది, అదే బర్నర్, విప్పాను. గోడల నిండా వేలి మందాన మసి. జాలీ తారు పూసినట్టు మూసుకుపోయింది. పదిసార్లు నొక్కిన డీజిల్ అడుగున చేరి ఉంది. అందుకే మీ పాఠకులందరికీ చేతులు జోడించి చెబుతున్నాను, హీటర్ రెండుసార్లు అంటుకోకపోతే మూడోసారి నొక్కకండి. ఆ డీజిల్ అంతా లోపల చేరి, ఎప్పుడో ఒకసారి అంటుకుంటే ఒక్కసారిగా మండుతుంది. మసి గీకి, కొత్త జాలీ, అతుకుల మధ్య సందు లేకుండా వేసే కొత్త గ్యాస్కెట్లు తెప్పించి వేశాను. అవి రావడానికి ఐదు రోజులు పట్టింది. పాత గ్యాస్కెట్ బాగానే ఉంది కదా అని మళ్లీ వేయకూడదు. అక్కడ సన్న సందు ఉన్నా మండే గాలి, వ్యాన్ లోపలి గాలి కలిసిపోతాయి.

అసలు భయపడింది చివర్లో. పొగ గొట్టం బండి మధ్యలో, నేల కిందే ఆగిపోయింది. పక్కకి రాలేదు. హీటర్ దగ్గర అతుకుకి క్లిప్పు లేదు, ఊరికే తొడిగి ఉంది. దానికి జానెడు దూరంలో మెట్టు దగ్గర నేల రేకు తుప్పు పట్టి రూపాయి బిళ్లంత కన్నం ఉంది, పైన లినోలియం కప్పి ఉంది. అంటే ఆ రాత్రి హీటర్ సరిగ్గా అంటుకుని పనిచేసినా పొగ మంచం కిందకే వచ్చేది. అంటుకోకపోవడమే మేలు జరిగింది! పొగ గొట్టాన్ని బండి పక్క అంచు దాకా తెచ్చి, కిటికీకి దూరంగా, వెనక్కి తిప్పి వదిలాను. అతుకులకి బిగుతు క్లిప్పులు వేశాను. కింద వంపులో నీరు దిగడానికి సన్న రంధ్రం పెట్టాను. నేల కన్నానికి రేకు వేసి వెల్డింగ్ చేశాను. డీజిల్ గొట్టాన్ని వేడి గొట్టానికి దూరంగా జరిపాను.

ఇరవై నిమిషాలు ఫుల్లులో నడిపాను. మొదటి రెండు నిమిషాలు కాస్త పొగ, తర్వాత గొట్టం దగ్గర చెయ్యి పెడితే వేడి గాలి తప్ప కళ్లకి ఏమీ కనబడలేదు. ఆపేటప్పుడు స్విచ్ తోనే ఆపాలి, బ్యాటరీ వైరు పీకేయకూడదు. మంట ఆరాక లోపల చల్లబడేదాకా ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరుగుతుంది. అది తిరగనివ్వకపోతే లోపలి భాగాలు మాడిపోతాయి.

ఇంకో సంగతి. దేవ్‌మాలి ఎత్తు 1672 మీటర్లు. ఈ హీటర్ల మాన్యువల్‌లో సాధారణంగా 1500 మీటర్ల దాకా మామూలుగా వాడుకోవచ్చని, అంతకంటే పైన ఎక్కువకాలం ఉండాలంటే ఎత్తుకు తగ్గ సర్దుబాటు కావాలని ఉంటుంది. పైన గాలి పల్చన. పంపు మాత్రం కింద పోసినంత డీజిలే పోస్తుంది. కాబట్టి మసి పడుతుంది. ఒకటి రెండు రాత్రులకి ఫర్వాలేదు. వారం రోజులు పైనే ఉండేవాళ్లు మీ హీటర్‌లో ఎత్తు సర్దుబాటు ఉందేమో చూసుకోవాలి. సన్నటి మంట మీద రాత్రంతా నడిపినా మసి పడుతుంది. దిగి వచ్చాక అరగంట ఫుల్లులో నడిపితే చాలావరకు కాలిపోతుంది. పెట్రోల్ బంకులోకి వెళ్లేముందు హీటర్ ఆపాలి. ఇది చెప్పకపోయినా తెలియాలి, కానీ మంట కంటికి కనబడదు కాబట్టి మర్చిపోతారు.

ఇవన్నీ చేశాక కూడా నేను ఆ దంపతులకి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనేదాకా బండి ఇవ్వలేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, గోడకి బిగించేది. మంచం తలగడ ఎత్తులో నా చేత్తోనే బిగించాను. బటన్ నొక్కితే అరిచింది. ఆవిడ చెవులు మూసుకుని మొదటిసారి నవ్వారు. వెళ్లేటప్పుడు కుంపటి నా షెడ్డులోనే వదిలేశారు. కందిరీగ గూడు మాత్రం పెద్దాయన కాగితంలో చుట్టి పట్టుకెళ్లారు, వ్యాన్ ఉన్న స్నేహితులందరికీ చూపిస్తానన్నారు. నేను గాలి గొట్టం మూతికి సన్న జాలీ కట్టి ఇచ్చాను. వానాకాలం బండి ఆపేసేవాళ్లు గాలి గొట్టానికీ పొగ గొట్టానికీ గుడ్డ కుక్కి, తీయడం మర్చిపోకుండా స్టీరింగ్‌కి ఎర్ర గుడ్డ కట్టుకుంటే మంచిది.

సంపాదకులవారూ, డిసెంబరు, జనవరి నెలల్లో సుంకి ఘాట్ ఎక్కి వచ్చే బళ్లు ఏటేటా పెరుగుతున్నాయి. విజయనగరం, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే మనవాళ్లే ఎక్కువ. కొందరు పాత మెటాడోర్లు, టెంపో ట్రావెలర్లు కొని పడకలు వేసుకుని పిల్లలతో వస్తున్నారు. రావాలి, మా కొండలు చూడాలి, మా కాఫీ తాగాలి. వాళ్లలో చాలామంది బయల్దేరేముందు చదివేది మీ అనుబంధమే. అందుకే నా విన్నపం రెండు ముక్కలు. కుంపటి వెంట ఉంచుకోమన్న వాక్యం తప్పని, వ్యాన్‌లో గానీ టెంటులో గానీ లాడ్జి గదిలో గానీ తలుపు మూసి కుంపటి పెట్టుకోవద్దని, వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. హీటర్ ఉన్నవాళ్లు బయల్దేరేముందు గాలి గొట్టం, పొగ గొట్టం, అతుకులు, నేల కన్నాలు చూసుకోమని కూడా వేయండి. అలాగే దేవ్‌మాలి రోడ్డు మొదట్లో ఒడియా, తెలుగు రెండు భాషల్లోనూ ఈ మాట రాసిన బోర్డు పెట్టించమని పర్యాటక అధికారులకు మీ పత్రిక తరఫున అడగండి. తెలుగు అక్షరాలు రాయించే ఖర్చు మా మెకానిక్‌లం పెట్టుకుంటాం. నలుగురం మాట్లాడుకున్నాం.

ఈ చలికాలం హీటర్ అనుమానంగా ఉన్న బండి ఏదైనా సిమిలిగుడ దాటేముందు ఆపి నన్ను అడగండి. చూసి చెప్పడానికి పైసా తీసుకోను.

ఇట్లు,
మీ పాఠకుడు,
డీజిల్ పంపు మేస్త్రీ,
సిమిలిగుడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా